థార్‌కు లిఫ్ట్ వేయించాలా, టైర్లతో సరిపెట్టుకోవాలా? దేవరకొండ వైపు వాడకం, బడ్జెట్ లక్షన్నర

బత్తాయితోట (ప్రశ్న)

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది దేవరకొండ. చందంపేట వైపు బత్తాయి తోట ఉంది. పోయిన దసరాకు సెకండ్ హ్యాండ్‌లో 2021 మహీంద్రా థార్ తీసుకున్నాను. డీజిల్, ఎల్‌ఎక్స్ మోడల్, హార్డ్ టాప్, ఫోర్ బై ఫోర్. బండితో వచ్చిన 255/65 ఆర్18 టైర్లే ఇంకా నడుస్తున్నాయి. పూర్తిగా గుండు అయిపోయాయి, మార్చక తప్పదు.

ఎట్లాగూ మారుస్తున్నాం కదా అని హైదరాబాద్‌లో ఒక యాక్సెసరీస్ షాపుకు పోతే ఇంత పొడుగు లిస్టు రాసిచ్చారు. బండిని పైకి లేపే రెండించుల లిఫ్ట్, 17 ఇంచుల అలాయ్‌లు, 285/70 మడ్ టైర్లు, విన్చ్ (దిగబడితే తాడుతో లాగే మోటారు) పెట్టిన స్టీల్ బంపర్, స్నార్కెల్ (ఇంజనుకు పైనుంచి గాలి అందించే గొట్టం), మీద క్యారియర్, దాని మీద లైట్ బార్. మొత్తం మూడున్నర లక్షలు దాటింది. నా దగ్గర ఉన్నది లక్షన్నర. ఈసారి బత్తాయి రేటు సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు.

వాడకం ఇట్లా ఉంటుంది. దాదాపు రోజూ తోటకు పోవాలి. తారు రోడ్డు దిగాక మూడు కిలోమీటర్లు బండ్ల బాట. చల్క నేల, గులకరాళ్లు, అటూ ఇటూ సర్కారు తుమ్మ. మధ్యలో ఒక ఒర్రె, వానాకాలంలో మోకాలి దాకా నీళ్లు వస్తాయి. నెలకు రెండుసార్లు హైదరాబాద్, బిడ్డ అక్కడ హాస్టల్‌లో ఉంటుంది. ఎండాకాలం దోస్తులతో నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్ పక్కనున్న వైజాగ్ కాలనీ వైపు పోయి కృష్ణ ఒడ్డుకు దిగుతాం. పోయినసారి అక్కడ దిగబడింది. ఫోర్ బై ఫోర్ వేసినా చక్రాలు తిరుగుతూ కిందికి పోవడమే తప్ప బండి కదల్లేదు. ట్రాక్టర్ వచ్చి లాగేసరికి చీకటి పడింది.

లిఫ్ట్ చేయిస్తే అన్నీ సెట్ అవుతాయని దోస్తులు అంటున్నారు. మా నాన్నేమో "ఉన్న ఎత్తుకే మీ అమ్మ ఎక్కలేకపోతోంది" అంటున్నాడు. మడ్ టైర్లు మంచివా, రోడ్డుకూ మట్టికీ పనికొచ్చే ఏటీ (ఆల్ టెరైన్) టైర్లా? లిఫ్ట్ నిజంగా అవసరమా? ఉన్న లక్షన్నరలో ముందు ఏది చేయించాలి, ఏది వదిలేయాలి?

పాలమూరు_రోడ్డురాజా

భాయ్, థార్ కొని ఏటీ టైర్లు వేస్తే ఎట్లా? మడ్ టైర్లు వేయి, లుక్కే మారిపోతుంది. లిఫ్ట్ తర్వాతైనా చేసుకోవచ్చు. మా గ్యాంగులో అందరివీ మడ్ టైర్లే. చప్పుడు వస్తుంది, నిజమే, పాటల సౌండ్ పెంచితే సరి.

చక్రాలన్న

తమ్ముడూ, ముందే చెప్తున్నా, నాది కొండమల్లేపల్లిలో టైర్ల షాపు, అలైన్‌మెంట్ పని. టైర్లు అమ్ముకునేవాడు టైర్లే కొనమంటాడు కదా అనుకుంటే అనుకో. లిఫ్ట్ కిట్లు మాత్రం నేను అమ్మను. ఇంకెక్కడో బిగించుకుని, స్టీరింగ్ ఒక పక్కకు లాగుతోందని నా దగ్గరికి వస్తుంటారు.

ముందు నువ్వు దిగబడిన చోటు సంగతి చూద్దాం, మిగతాదంతా అక్కడి నుంచే తేలుతుంది. సాగర్ నీళ్లు వెనక్కి తగ్గాక ఒడ్డున మిగిలేది ఇసుక కాదు, ఒండ్రు. ఎండకు పైన పెచ్చు కట్టి పగుళ్లు కనిపిస్తాయి. మనిషి నడిస్తే మోస్తుంది, బర్రె నడిచినా మోస్తుంది. టన్నున్నరకు పైగా ఉన్న బండి ఎక్కగానే పెచ్చు విరుగుతుంది, కింద జావలాంటి బురద. గుండు టైరుకు అందులో పట్టు ఎక్కడిది? లిఫ్ట్ చేసిన బండి కూడా అక్కడ దిగబడుతుంది. చక్రం ఎంత లోతుకు పోవాలో అంత లోతుకే పోతుంది, బాడీ మాత్రం రెండించులు పైన కనిపిస్తుంది.

ఆ రోజు టైర్లలో ఎన్ని పాయింట్లు గాలి ఉంది? 32 ఉండి ఉంటుంది, తారు రోడ్డు గాలే కదా. దాన్ని 18కి దించి ఉంటే టైరు నేల మీద పొడుగ్గా పరుచుకునేది. గాలి తీస్తే టైరు వెడల్పు అవుతుందని అందరూ అనుకుంటారు, అది కొంచెమే. పొడవు పెరగడమే అసలు లాభం. బరువు ఎక్కువ జాగా మీద పడుతుంది, పెచ్చు త్వరగా విరగదు. పైసా ఖర్చు లేదు. కాకపోతే మళ్లీ గాలి నింపుకోవడానికి కంప్రెసర్ కావాలి. అంత తక్కువ గాలితో 30 స్పీడు దాటొద్దు, స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పొద్దు, టైరు రిమ్ము నుంచి ఊడి వస్తుంది. ఒండ్రు మీదికి దిగే ముందే గాలి తీయాలి. దిగబడ్డాక తీయడం కష్టం, వాల్వు బురదలో ఉంటుంది.

ఇక లిఫ్ట్. మామూలుగా చేసేది స్ప్రింగుల దగ్గర స్పేసర్లు పెట్టడం, లేకుంటే పొడుగు స్ప్రింగులు వేయడం. దాంతో ఛాసిస్, బాడీ పైకి లేస్తాయి. వెనుక యాక్సిల్ మధ్యలో గుండ్రంగా వేలాడే డిఫరెన్షియల్ ఉంది చూడు, బాట మధ్యలో బండరాయికి ముందు తగిలేది అదే. లిఫ్ట్‌తో అది ఒక్క మిల్లీమీటరు కూడా పైకి రాదు. దాన్ని ఎత్తేది టైరు ఒక్కటే. అదీ పెరిగిన ఎత్తులో సగమే.

వాళ్లు రాసిచ్చిన 285/70 ఆర్17 లెక్క చూద్దాం. టైరు మీద అంకెలు చదవడం కష్టమేం కాదు. వెడల్పు 285 మి.మీ., అందులో 70 శాతం సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు, అది పైనా కిందా రెండుసార్లు, మధ్యలో 17 ఇంచుల రిమ్ము. మొత్తం దాదాపు 831 మి.మీ. నీ 255/65 ఆర్18 ఎత్తు 789. తేడా 42, అందులో సగం 21 మి.మీ. బొటనవేలి మందమంత ఎత్తు కోసం రిమ్ములు, టైర్లు, లిఫ్ట్ అన్నీ మార్చాలన్నమాట. పైగా మీటరు 100 చూపిస్తుంటే బండి 105లో పోతుంటుంది. బరువు టైరు తిప్పాలి కాబట్టి పికప్ పడిపోతుంది, మైలేజీ పడిపోతుంది, బ్రేకు పట్టే దూరం పెరుగుతుంది.

థార్ ముందు చక్రాలు దేనికదే విడిగా ఆడతాయి. అక్కడ ఎత్తు పెంచితే డ్రైవ్ షాఫ్ట్‌లు మరీ వంకరగా పనిచేయాలి. షాఫ్ట్ చివర రబ్బరు బూటు ముందు చిరుగుతుంది, గ్రీజు బయటికి వచ్చి చక్రం లోపలి వైపు నల్లగా చిమ్ముతుంది, తర్వాత దుమ్ము చేరి జాయింటు కటకటమంటుంది. ఇదంతా షాపులో బిల్లు కట్టేటప్పుడు ఎవరూ చెప్పరు. రాళ్ల మీద పోటీలకు పోయేవాళ్లు లిఫ్ట్ చేయించుకుంటారు. వాళ్లు షాక్‌లు, బ్రేకు పైపులు, ఆర్మ్‌లు అన్నీ కలిపి మారుస్తారు, వాళ్ల లెక్క వేరు. నీ తోట బాటకు కంపెనీ ఇచ్చిన 226 మి.మీ. గ్రౌండ్ క్లియరెన్స్ చాలు. ఒర్రె గట్టు అడ్డంగా ఎక్కేటప్పుడు పక్కకు పల్టీ కొట్టకుండా బండి ఎంత కిందికి ఉంటే అంత మంచిది, మీ నాన్న మాట అందుకు కూడా సరైనదే.

స్నార్కెల్ కూడా వద్దు. థార్ 650 మి.మీ. నీళ్ల దాకా పోగలదని కంపెనీ లెక్క. మోకాలంటే అంతకంటే తక్కువే. కానీ అది నిలిచిన నీళ్ల లెక్క అని గుర్తుపెట్టుకో. ఒర్రె జోరుగా పారుతుంటే మోకాలి లోతు నీళ్లు కూడా బండిని పక్కకు నెడతాయి. దిగి కట్టెతో లోతు చూసుకో, నీళ్లు ఎర్రగా ఉరుకుతుంటే ఆ పూట తోటకు పోకు. స్నార్కెల్ ఇంజనులోకి నీళ్లు పోకుండా ఆపుతుందేమో గానీ బండిని నేలకు పట్టి ఉంచలేదు.

ఇప్పుడు నేను వేయించమనేది. 245/75 ఆర్16 ఏటీ టైర్లు, 16 ఇంచుల రిమ్ముల మీద. రిమ్ము చిన్నదా అని ముఖం చిట్లించకు. థార్ ఏఎక్స్ మోడల్‌కు కంపెనీ ఇచ్చిన సైజే అది, నీ బ్రేకులకు ఆ రిమ్ము పడుతుంది. ఎత్తు 774, అంటే నీ పాతదానికంటే 15 మి.మీ. తక్కువ, నేల నుంచి పోయేది ఏడో ఎనిమిదో మిల్లీమీటర్లు. పోనీ. బదులుగా సైడ్‌వాల్ 166 నుంచి 184 అవుతుంది. గులకరాళ్ల మీద దెబ్బ తినేదీ, గాలి తీసినప్పుడు పరుచుకునేదీ ఆ సైడ్‌వాలే. ఏఎక్స్ కొన్నవాళ్లు చాలామంది అలాయ్‌ల మోజులో స్టీల్ రిమ్ములు విప్పి తక్కువకు అమ్మేస్తారు, వెతికితే సెట్టు దొరుకుతుంది. స్టీల్ రిమ్ము వంగితే సుత్తితో సరిచేయొచ్చు, అలాయ్ పగిలితే పారేయడమే.

మడ్ టైర్ల మాట. వాటి గడ్డల మధ్య సందులు పెద్దవి, చక్రం తిరిగేటప్పుడు బురదను విసిరేస్తాయి. గద్వాల, అలంపూర్ వైపు రేగడిలో రోజూ తిరిగేవాడు అడిగితే నేనే వేయించుకోమంటాను. అక్కడైనా రేగడి బాగా తడిస్తే ఏ టైరూ పనిచేయదు, బండి ఇంటి దగ్గర పెట్టాల్సిందే. నీది చల్క నేల, వాన వెలిసిన కాసేపటికే గట్టిపడుతుంది. మడ్ టైర్లతో మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా నెలకు రెండుసార్లు హైదరాబాద్ పోతే గోల ఒక్కటే కాదు, తడి తారు మీద బ్రేకు పట్టదు, అరుగుదల కూడా ఎక్కువ. రోడ్డురాజా తమ్ముడికి కోపం వస్తే రానీ.

కంపెనీ పేర్లు అడుగుతావు కాబట్టి చెప్తున్నా. యోకోహామా జియోలాండర్ జీ015, అపోలో ఆప్టెర్రా ఏటీ2 ఈ రెండూ చూడు, నీ సైజులో ఏది తాజాగా దొరికితే అది. పేరుకంటే ముందు టైరు పక్కన ఉండే నాలుగంకెల తేదీ చదువు. 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో తయారైందని అర్థం. గోదాంలో ఏళ్ల తరబడి పడున్న టైరును నల్లగా పాలిష్ చేసి కొత్తదని ఇచ్చేవాళ్లు ఉన్నారు. సైజు తర్వాత వచ్చే లోడ్ అంకె కంపెనీ చెప్పినదానికంటే తగ్గకూడదు.

ఐదు టైర్లు తీసుకో, నాలుగు కాదు. స్టెప్నీ పాత 18 ఇంచులదే ఉంచితే, పంక్చరైన రోజు వెనుక ఒక పక్క పెద్దది, ఒక పక్క చిన్నది అవుతుంది. దాంతో ఫోర్ బై ఫోర్ వేస్తే గేర్లన్నీ ఒకదానితో ఒకటి కొట్లాడతాయి. ఐదు టైర్లు, పాత రిమ్ములు, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ అన్నీ కలిపి నా లెక్కలో లక్ష లోపే అయిపోవాలి, మిగతాది బేరాన్ని బట్టి.

మొన్న ఒక బొలెరో టైరు విప్పాను. ట్రెడ్ (నేలకు తగిలే గాళ్ల భాగం) ఇంకా సగం ఉంది, సైడ్‌వాల్‌లో మాత్రం చిటికెన వేలు దూరేంత చీలిక, లోపలి దారాలు తెల్లగా బయటికి వచ్చి ఉన్నాయి. బండ అంచుకు ఒరుసుకుపోయింది. దానికి మందు లేదు. సైడ్‌వాల్‌కు పంక్చర్ వేస్తానని ఎవరన్నా అంటే దండం పెట్టి వచ్చెయ్. తుమ్మ ముళ్లు ట్రెడ్‌లో దిగితే మాత్రం భయం లేదు, స్ట్రిప్ కిట్ ఉంటే నువ్వే వేసుకోవచ్చు. ముల్లు విరిగి లోపల ఉండిపోతుంది, స్ట్రిప్ వేసే ముందు ముక్క మొత్తం బయటికి వచ్చిందో లేదో చూసుకో.

మిగిలిన డబ్బులో మొదటిది కంప్రెసర్. సిగరెట్ లైటర్‌కు పెట్టే చిన్నది కాదు, బ్యాటరీకి క్లిప్పులు తగిలించేది. దాంతోపాటు ఒక మంచి గాలి మీటర్. తర్వాత లాగే బెల్టు, బెల్టు తగిలించే రెండు ఇనుప షాకిల్స్, ఒక పార, జాకీ కింద పెట్టడానికి మందపాటి చెక్క. బురదలో చెక్క లేకుండా జాకీ పెడితే బండి లేవదు, జాకీ కిందికి పోతుంది. ఇంకా మిగిలితే చక్రాల కింద వేసే ప్లాస్టిక్ ట్రాక్ బోర్డులు ఒక జత.

విన్చ్ వద్దనడానికి కారణం ఒక్కటే చాలు. ఆ కృష్ణ ఒడ్డున దాని తాడు దేనికి కడతావు? కనుచూపు మేర చెట్టుందా? మనకు విన్చ్ ట్రాక్టరే. అయితే ట్రాక్టర్ వాళ్లు ఇనుప గొలుసో వైరో తెచ్చి ఎక్కడ దొరికితే అక్కడ కట్టి ఒక్క గుంజు గుంజుతారు. అది తెగితే తగిలిన మనిషి లేవడు. అందుకే నీ బెల్టు నీ బండిలోనే ఉండాలి. ఛాసిస్‌కు బిగించిన హుక్కుకు కట్టు, బంపర్‌కు కాదు. మధ్యలో బెల్టు మీద తడి గోనెసంచి వేయి, తెగినా అంత జోరుగా ఎగిరి రాదు. ఫోన్‌లో వీడియో తీసే దోస్తుల్ని దూరంగా నిలబెట్టు.

జిమ్నీ_డాక్టరమ్మ

నేను పశువుల డాక్టర్‌ని. అచ్చంపేట వైపు ఊళ్లు, తండాలు తిరుగుతాను. బండి మారుతి జిమ్నీ. కంపెనీ ఇచ్చిన 195/80 ఆర్15 తీసేసి 215/75 ఆర్15 ఏటీ వేయించాను. ఎత్తు పెరిగింది పది మిల్లీమీటర్లే, లిఫ్ట్ లేకుండా పట్టాయి, ఎక్కడా ఒరుసుకోవడం లేదు. చక్రాలన్న గారి మాటకు నాది ఇంకో ఓటు అనుకోండి.

లైట్ బార్ గురించి ఎవరూ అనలేదు కాబట్టి రాస్తున్నాను. మన మట్టి బాటల మీద ముందు ట్రాక్టర్ పోతుంటే దుమ్ము లేస్తుంది. పైన బండి కప్పు మీద ఉన్న తెల్ల లైటు ఆ దుమ్ముకు కొట్టి తిరిగి మన కళ్లలోనే పడుతుంది, ఎదుటివాళ్లకు అయితే ఏమీ కనిపించదు. కింద బంపర్ దగ్గర పసుపు ఫాగ్ ల్యాంపులు ఉంటే చాలు. మీద క్యారియర్ కూడా నాకు నచ్చదు, బరువంతా నెత్తిన పెట్టుకుని వంకర బాటల్లో తిరగడం దేనికి?

అమ్మ ఎక్కలేకపోతున్నారన్నారు కదా, లక్షన్నరలో ముందు దానికి కొంచెం తీయండి. పక్కన ఫుట్‌స్టెప్ వేయించండి. బాగా కిందికి వేలాడేది కాకుండా బాడీకి దగ్గరగా ఉండేది చూడండి, లేకుంటే రాళ్లకు ముందు అదే తగులుతుంది. లోపల పట్టుకోవడానికి గట్టి హ్యాండిల్ కూడా ఉండాలి. మా అత్తగారికి స్టెప్ కంటే హ్యాండిలే ఎక్కువ పనికొచ్చింది.

ఇంకొకటి. టైర్లు కొత్తవి వచ్చాయని దోస్తులు నల్లమల పోదామంటారు, తప్పకుండా అంటారు. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో రోడ్డు దిగి బండి నడపడం కుదరదు. శ్రీశైలం రోడ్డు కూడా రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. ఫరహాబాద్ చూడాలంటే అటవీ శాఖ సఫారీ బండి ఎక్కండి, మీ థార్‌ను గేటు దగ్గర వదిలేయండి.

బీమాకాగితాలు

నా పని ఇన్సూరెన్స్ క్లెయిములు. రెండే మాటలు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న కంపెనీ వివరాలకు తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ కింద ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. స్టీల్ బంపర్ల మీద చర్య తీసుకోమని కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకు రాసింది. రోడ్డు మీద పట్టుకోకపోవచ్చు, యాక్సిడెంట్ అయ్యాక సర్వేయర్ వచ్చి ఫొటోలు తీసినప్పుడు లిఫ్ట్, బంపర్ అన్నీ అందులో పడతాయి. చక్రాలన్న గారు చెప్పిన 16 ఇంచుల సైజు అదే మోడల్‌కు కంపెనీ ఇచ్చింది కాబట్టి గొడవ తక్కువ. అయినా ఇన్సూరెన్స్ కంపెనీకి ఒక మెయిల్ పెట్టి జవాబు దాచుకోండి.

బత్తాయితోట

అందరికీ థాంక్స్. లిఫ్ట్, స్నార్కెల్, విన్చ్, బంపర్, లైట్ బార్ అన్నీ కొట్టేశాను. మా నాన్నకు చదివి వినిపిస్తే టైర్ల లెక్కలేవీ పట్టించుకోలేదు గానీ, ఫుట్‌స్టెప్ రాసిన డాక్టరమ్మకు నమస్కారం చెప్పమన్నాడు.

మిర్యాలగూడలో ఒకాయన దగ్గర ఏఎక్స్ స్టీల్ రిమ్ములు ఐదు ఉన్నాయి, ఆదివారం పోయి చూస్తాను. చక్రాలన్నా, ఒక్క డౌటు మిగిలింది. నా బండిలో ఎంఎల్‌డీ (మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్) ఉంది కదా, ఒక చక్రం ఉత్తగా తిరిగితే దానంతటదే లాక్ అవుతుందన్నారు. మరి ఆ రోజు ఎందుకు పనిచేయలేదు?

చక్రాలన్న

పనిచేసే ఉంటుంది తమ్ముడూ. ఎంఎల్‌డీ వెనుక రెండు చక్రాల వేగంలో తేడా వస్తే రెండూ కలిసి తిరిగేట్టు లాక్ చేస్తుంది. నీకు రెండు చక్రాలూ బురదలోనే ఉన్నాయి, రెండూ కలిసి తిరిగాయి. కలిసి తిరిగి కలిసే గుంత తవ్వాయి. డిఫరెన్షియల్ వెళ్లి నేల మీద కూర్చున్నాక ఏ లాకూ లాగలేదు. ఇంకోసారి చక్రం తిరిగి బండి కదలకపోతే రెండో సెకనులో యాక్సిలరేటర్ వదిలెయ్. దిగి గాలి తీసి, చక్రం ముందు బురద పారతో ఏటవాలుగా తీసి, ఫోర్ ఎల్‌లో (ఫోర్ బై ఫోర్ లో గేరు) వచ్చిన దారినే మెల్లగా వెనక్కి రా. ముందుకు కాదు. వచ్చిన దారి నిన్ను ఒకసారి మోసింది, ముందు ఏముందో తెలియదు.

ఎంఎల్‌డీ పనిచేసేటప్పుడు టక్ మని చప్పుడు వస్తుంది, భయపడి కాలు తీసేయకు, అదే ఒత్తిడి మీద ఉంచు. ఒక చక్రం గాల్లోకి లేచే గుంతల బాటలో దాని పని బాగా తెలుస్తుంది. మీ ఒర్రె గట్టు దగ్గర చూడు.

రిమ్ములు చూసేటప్పుడు పెయింట్ చూసి మోసపోకు. ఒక్కొక్కటీ నేల మీద నిలబెట్టి దొర్లించు, వంపు ఉంటే ఊగుతుంది. లోపలి అంచు మీద వేలు పెట్టి చుట్టూ తడుము, వెల్డింగ్ గీత తగిలితే అది వదిలెయ్. బోల్టు రంధ్రాలు గుండ్రంగా ఉండాలి, కోడిగుడ్డు ఆకారానికి వచ్చిందంటే నట్లు లూజుగా తిప్పారని అర్థం. ఐదింటిలో నాలుగే బాగున్నా తీసుకో, ఐదోది నేను చూసి పెడతాను. టైర్లు ఇక్కడే కొనాలని లేదు, ఎక్కడ కొన్నా అలైన్‌మెంట్‌కు మాత్రం రా. మంగళవారం షాపు బంద్.